మట్టిమిద్దె కింద తుఫాను

పోయిన నెలలో ధర్మవరంలో మా చెల్లెలి ఇంటికి రంగులు వేయించారు. చెల్లెలంటే మా చిన్నాయన కూతురు, నాకంటే ఏడాది చిన్నది. సామాను సర్దడానికి సాయంగా నేనూ వెళ్ళాను. హాల్లో గోడకున్న పెద్ద పటాన్ని ఇద్దరు మనుషులు పట్టి దించి, వరండాలో ఎండ తగిలే చోట ఆనించారు. కాసేపటికి వేడెక్కి అందులోంచి ఒక వాసన లేచింది. పాత నూనె, సాంబ్రాణి పొగ, వేరుశనగ పొట్టు, తడిసి ఆరిన మట్టి, అన్నీ కలిసిన వాసన. నేనూ చెల్లెలూ చేతుల్లో పని ఆపేసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

రంగులు వేసే ఆయన పటం ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఎవరు గీసిందక్కా ఇది?"

"ఎవరో దొర. మా తాత పుట్టకముందుదంట" అంది చెల్లెలు.

"మరి మీ కాడికి ఎట్లొచ్చింది?"

చెల్లెలు నావైపు చూసింది. చెప్పడం మొదలుపెడితే ఆ పూట పని సాగదని ఇద్దరికీ తెలుసు. అయినా టీ పెట్టుకొచ్చి చెప్పాం. ఆయనకు చెప్పింది కొంచెమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మాది ముదిగుబ్బ పక్కన చిన్న ఊరు. బస్సు దిగి ఎండలో చాలా దూరం నడవాలి. ఎటు చూసినా వేరుశనగ చేలు, రాళ్ళ గుట్టలు, గొర్రెల మందలు. వాన కోసం ఆకాశం వైపు చూడడం మా ఊళ్ళో ఒక అలవాటు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఒకసారి తల పైకెత్తి చూసి, మళ్ళీ మాటలో పడేవాళ్ళు. మా ఇల్లు మట్టిమిద్దె. మందమైన గోడలు, పైన దూలాలు, వాటి మీద బండలు, బండల మీద చౌడుమట్టి. ఎండాకాలంలో ఆ ఇంట్లో ఉన్నంత చల్లదనం నాకు మళ్ళీ ఏ ఇంట్లోనూ దొరకలేదు. ఆ ఇంట్లో మేమూ, చిన్నాయనవాళ్ళూ, అందరికీ పెద్దగా నాయన తల్లి, మా జేజి.

ఒక ఎండాకాలం మా తలవాకిలి తలుపుకు చెదలు పట్టింది. అనంతపురంలో దొరల కాలంనాటి పాత బంగళా ఒకటి పడగొడుతున్నారని, టేకు తలుపులు వాకిళ్ళు అమ్ముతున్నారని ఎవరో చెబితే నాయన పొద్దున్నే బయలుదేరాడు. సాయంత్రం ట్రాక్టరు వచ్చి ఇంటిముందు ఆగింది. అందులో తలుపైతే ఉంది గానీ అది మా వాకిలి కంటే మూరెడు ఎత్తు. దాని పైన గోనెసంచులు పరిచి, తాళ్ళతో కట్టి, మంచమంత పటం.

"తలుపు తెమ్మంటే ఇదేమి తెచ్చినావు?" అంది అమ్మ.

"తలుపుతో పాటు ఊరికే ఇచ్చినారు. ఎవురూ తీసుకోమంటాండారు. పారేస్తామంటే మనసొప్పలేదు" అన్నాడు నాయన, ఎవరి కళ్ళలోకీ చూడకుండా.

తాళ్ళు విప్పి గోడకు నిలబెట్టాక వీధిలో ఉన్న పిల్లలందరం దాని ముందు చేరాం. నల్లటి మోడాలు కమ్మిన ఆకాశం. దాని కింద కొండల్లాగా లేచిన పచ్చటి నీళ్ళు. ఆ నీళ్ళ మీద ఒక పక్కకు ఒరిగిపోయిన పెద్ద ఓడ, దాని తెరచాపలు చినిగి పేలికలైపోయాయి. దూరంగా ఇంకొక ఓడ, నీడలాగా. రెండింటి నడుమ ఒక చిన్న పడవ. అందులో నలుగురైదుగురు మనుషులు వంగి తెడ్లు వేస్తున్నారు. వాళ్ళలో ఒకాయన తలమీద ఎర్రటి టోపీ. కుడివైపు మూల మాత్రం ఏమీ కనబడేది కాదు. పొగ పట్టిన వంటింటి గోడలాగా గోధుమరంగుగా, మసకగా ఉండేది.

జేజి కట్టె పట్టుకొని వచ్చి, నడుముకు చెయ్యి ఆనించుకుని, పైనుంచి కిందికి చూసింది.

"ఇంత నీళ్ళు ఇంట్లోకి తెచ్చినావేమిరా పెద్దోడా! కడివెడు నీళ్ళకు మీ పెండ్లాలు బోరింగు కాడ కొట్లాడుకుంటాండారు."

ఆ మాటకు అమ్మా చిన్నమ్మా కూడా నవ్వారు. తలుపును ఏం చేయాలో తెలియక పడసాల బయటి అరుగుమీద పడుకోబెట్టారు. తర్వాత చాలా ఏళ్ళు దానిమీద వడియాలు ఎండబెట్టేవాళ్ళం. పటాన్ని మాత్రం పడసాల వెనక గోడకు, సరిగ్గా నడుమ, ఇనప కొక్కేలు కొట్టి తగిలించారు. దాన్ని ఎత్తాలంటే ఇద్దరు మగవాళ్ళు కావాల్సిందే. ఒక వైపు నాయన, ఒక వైపు చిన్నాయన పట్టుకుని, "నీ పక్క ఎత్తప్పా", "ఇంగ కొంచెం అన్నా" అనుకుంటూ తగిలించడం నాకు బాగా గుర్తు.

ఎండాకాలం చివర్లో మా ఇంట్లో విత్తనాల పని మొదలయ్యేది. వీధిలోని ఆడవాళ్ళంతా పడసాలలో కూర్చుని వేరుశనగకాయలు వొలిచేవాళ్ళు. నేలమీద కాయల కుప్ప, చుట్టూ చాటలు, మధ్యలో వక్కాకు తట్ట. గింజ చెక్కుచెదరకుండా బొటనవేలితో కాయను నొక్కి విప్పాలి. టపటపమని చప్పుడు రోజంతా వినబడేది. వేళ్ళు నొప్పి పుడితే నీళ్ళలో ముంచుకునేవాళ్ళు. మేము పిల్లలం కుప్పలో చేతులు పెట్టి, అడుగున దొరికే లేత గింజలు నోట్లో వేసుకుని, దవడలు కదలకుండా నమలడం నేర్చుకున్నాం. జేజికి కళ్ళు సరిగ్గా కనిపించవని మా ధైర్యం. కానీ ఆమెకు వాసన బాగా తెలిసేది.

"మే, ఇట్ల రా. నోరు తెరువు" అనేది. తెరిస్తే నెత్తిన ఒక మొట్టికాయ. తర్వాత తనే కొంగుముడి విప్పి, బెల్లంముక్కా వేయించిన గింజలూ చేతిలో పెట్టేది. విత్తనం తినకూడదు, అంతే ఆమె పట్టింపు.

ఆ ఏడాది వొలిచేవాళ్ళకు మాటలకు కొదవ లేకుండా పోయింది. ఎదురుగా గోడమీద పటం ఉంది కదా. ఓడ మునుగుతుందా, మునగదా? పడవ ఒడ్డు చేరుతుందా? రోజూ అదే మాట. ఎర్రటోపీ ఆయనకు "అల్లుడు" అని పేరు పెట్టారు. "అల్లుడు నిన్నటికంటే ముందుకొచ్చినాడు చూడక్కా" అని ఒకామె అంటే, "యాడ? నువ్వు చూసేది వాని వీపు. వాడు వెనక్కి పోతాండాడు" అని ఇంకొకామె. కొట్లాటంత పనయ్యేది.

ఊరిమొత్తం మీద సముద్రం చూసిన మనిషి ఒక్కడే. వీధి చివర ఉండే తాత. ఆయన ఎప్పుడో యాత్రల బస్సులో రామేశ్వరం పోయి వచ్చాడు. అందుకని అందరూ ఆయనను రామేశ్వరం తాత అనేవాళ్ళు. పటం చూడడానికి ఆయనను ప్రత్యేకంగా పిలిపించారు. ఆయన ముందు కూర్చుని, చుట్ట వెలిగించుకుని, తల అడ్డంగా ఊపాడు.

"నేను చూసిన సముద్రం ఇట్ల లేదప్పా. నిమ్మళంగా ఉండె."

"నువ్వు కండ్లు మూసుకొనే మునిగినావంట కదా, నీ పెండ్లాం చెప్పిందిలే" అంది జేజి.

"మునిగేటప్పుడు మూసుకోక తెరుచుకుంటారా ఎవురన్నా?" అన్నాడాయన కోపంగా. ఓడ మునుగుతుందని తేల్చి చెప్పి, చెల్లెలు తెచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా చెల్లెలు అన్నం సరిగ్గా తినలేదు. అల్లుడు మునిగిపోతాడని దానికి బెంగ.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్న వేళ మేమిద్దరం గోనెసంచుల మీద ఎక్కి ఆ నీళ్ళను ముట్టుకునేవాళ్ళం. అలల దగ్గర రంగు మందంగా, గరుగ్గా, ఎండిన పేడ అంచులా ఉండేది. సముద్రం ఉప్పగా ఉంటుందని బళ్ళో చెప్పారు. అది నిజమో కాదో చూద్దామని చెల్లెలు నాలుక చాచి ఒక అలను నాకింది. దాని మొహం వంకరపోయింది. సరిగ్గా అప్పుడే చిన్నాయన లోపలికి వచ్చాడు. తిడతాడనుకున్నాం. ఆయన గుమ్మంలో నిలబడి, "ఉప్పగుండాదా?" అని అడిగాడు.

"చేదుగుండాది నాయనా" అంది చెల్లెలు.

"అయితే ఉప్పు తక్కువైంది. మీ పెద్దమ్మకు చెప్పల్ల" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. మా చిన్నాయన అట్లాంటి మనిషి. నాయనకు నవ్వు తక్కువ, పని ఎక్కువ. చిన్నాయనకు రెండూ సమానం.

మరుసటి ఏడు ఉగాది ముందు ఇల్లు శుభ్రం చేస్తూ జేజి పటం మీదికి పోయింది. కరెంటు పోయినప్పుడల్లా పెట్టే బుడ్డి పొగ, రోజూ వేసే సాంబ్రాణి పొగ దానిమీద పేరుకున్నాయి. తడిగుడ్డ పెడితే పాడవుతుందని నాయన ముందే చెప్పి ఉన్నాడు. జేజి మంచం ఎక్కి, కొంగు అంచు నాలుకతో తడుపుకుని, మా మొహాల మీద మసి తుడిచే తీరులోనే ఆ గోధుమరంగు మూలను తుడవడం మొదలుపెట్టింది. మెల్లగా, ఒత్తకుండా. కొంగు నల్లబడుతోంది. తుడిచిన చోట ముందు ఒక బండ కనబడింది. తర్వాత ఇంకో బండ. ఆ తర్వాత బండలమీద నిలబడిన ఒక మనిషి కాళ్ళు.

"ఓ పాపా! ఇట్ల రాండి! ఈడ మనుషులుండారు!"

అమ్మ చేతికి పిండి అంటుకుని అట్లాగే పరుగెత్తుకొచ్చింది. చిన్నమ్మ వచ్చింది. కొద్దిసేపటికి వీధి వీధంతా వచ్చింది. జేజి ఒక్కొక్క మనిషినీ తుడిచి బయటికి తీస్తుంటే అందరం మెడలు చాచి చూశాం. అక్కడ ఒడ్డు ఉంది. ఒడ్డున మనుషులు ఉన్నారు. ఇద్దరు తాడు చుట్టి పట్టుకుని విసరబోతున్నారు. వాళ్ళ వెనక ఒక ఆడమనిషి, గాలికి ఎగిరిపోతున్న పైగుడ్డను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేయి పైకెత్తి నిలబడింది.

"అది అల్లుని పెండ్లామే!" అని అరిచింది ఒకామె. పడసాలంతా కేకలు, నవ్వులు. ఆ ఉగాదికి మా ఇంట్లో ఓళిగలు మామూలు కంటే ఎక్కువ చేశారు. జేజి ఒకటి పళ్ళెంలో పెట్టి పటం కింద ఉంచింది. దేవుడని కాదు. "ఒడ్డుకొచ్చేసరికి ఆకలిగా ఉంటారు గదా" అంది. అది తర్వాత నేనూ చెల్లెలూ తిన్నాం.

ఆ ఎండలు గడిచాక వానలు పడలేదు. ఒక ఏడాది గింజ మొలిచి మాడిపోయింది. మరో ఏడాది అసలు విత్తలేదు. నాయన బోరు వేయిద్దామన్నాడు. తూర్పు చేను అంచున వేయాలని ఆయన, చింతచెట్టు పక్కన వేయాలని చిన్నాయన. పెద్దవాడి మాటే నెగ్గింది. బోరుబండి వచ్చింది, ఊరంతా చూడడానికి వచ్చింది, పగలంతా రొద. చివరికి తెల్లటి దుమ్ము తప్ప చుక్క నీరు పడలేదు. మా బట్టల మీద, చెట్ల మీద, అన్నం పళ్ళేల మీద అదే దుమ్ము.

ఆ దుమ్ము కడుక్కోవడం అయ్యేలోపే ఇంట్లో గొడవ మొదలైంది. చిన్నాయన ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడింది వినలేదు.

"నీ మాట విని విని నేను చెడిపోయినాన్నా. ఇంగ చాలు. నా పాలు నాకు పంచు. నేను చేసేది నేను చేసుకుంటా, మునిగితే నేనే మునుగుతా."

నాయన భుజం మీది తువ్వాలు తీసి దుమ్ము దులిపాడు. తర్వాత, "సరే. పెద్దమనుషులను పిలువు" అన్నాడు.

పంపకం రోజు పడసాలలో చాప వేశారు. రామేశ్వరం తాతే అందరిలో పెద్ద. నేల, ఎద్దులు, పాత్రలు అన్నీ గొడవ లేకుండా తెగాయి. నిచ్చెన చిన్నాయనకు పోయింది. మిద్దెకు వేయడానికి కొట్టంలో పోసుకున్న చౌడుమట్టి కుప్ప మాకు వచ్చింది. విత్తే గొర్రు మాకు, చేను చదును చేసే గుంటక వాళ్ళకు. వంటింట్లోంచి అమ్మా చిన్నమ్మా ఒక్కొక్క సామాను తెచ్చి పెడుతూ, "నువ్వే తీసుకో మే", "నాకేంటికక్కా, నువ్వే పెట్టుకో" అనుకుంటున్నారు. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. చివరికి పటం మిగిలింది.

"అది నేను తెచ్చింది" అన్నాడు నాయన.

"తగిలించింది ఇద్దరం" అన్నాడు చిన్నాయన.

పొద్దున్నుంచి ఎడ్ల దగ్గర కూడా పట్టుపట్టని వాళ్ళు అక్కడ ఆగిపోయారు. రామేశ్వరం తాత చుట్ట కొన రాలగొట్టి లేచాడు.

"దీంట్లో కొట్లాడేది ఏముండాదప్పా? రెండు ఓడలుండాయి. నడిమికి కోస్తే చెరొకటి."

చెల్లెలు కెవ్వుమని ఏడ్చింది. నేనూ అందుకున్నాను. జేజి అప్పటిదాకా మూల కూర్చుని ఉంది. ఇప్పుడు లేచి పటం దగ్గరికి వచ్చింది.

"యాడికి కోస్తావు? చూపించు."

తాత తన కట్టె ఎత్తి పటం నడుమ నిలువుగా గీత గీసి చూపించాడు. ఆ గీత సరిగ్గా చిన్న పడవ మీద పడింది.

"పడవలో ఉండేటోళ్ళను సగం సగం చేస్తావా?" అంది జేజి. "అల్లుడు యాపక్క? చెప్పు. ఇంత గాలిలో తెడ్లు వేసుకుంటా పానాలు అరచేతిలో పెట్టుకొని వస్తాండారు. నువ్వు రంపం తీసుకోని పోతావా వాళ్ళ మీదికి? రామేశ్వరం పోయొచ్చిన మనిషివేనా నువ్వు?"

వంటింటి గుమ్మంలో చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చిన్నాయన మొహం అటు తిప్పుకున్నాడు, భుజాలు ఊగుతున్నాయి. నాయన ఒక్కడే నవ్వలేదు. పటం ఉన్నచోటే ఉండాలని, అది జేజిదని తీర్మానించారు.

ఆ తర్వాత వారంలోనే పడసాల మధ్యలో గోడ లేచింది. ఇటుకల గోడ, ముందు వాకిలి నుంచి వెనక గోడ దాకా. కానీ వెనక గోడ దగ్గర పటం ఉంది, అదీ సరిగ్గా నడుమ. గోడ అక్కడికి చేరాలంటే పటం తీసేయాలి. తాపీ పట్టుకున్న మేస్త్రి జేజి వైపు చూశాడు.

"ఆడికే ఆపు" అంది జేజి.

"మంచమంత సందు మిగుల్తాదమ్మా. గోడ కట్టీ కట్టనట్లే అయితాది."

"మంచమంత సందేనా? అయితే మంచం వేసుకుంటాలే."

అట్లా గోడ పటానికి మంచమంత దూరంలో ఆగిపోయింది. ఆ సందులో జేజి తన నులకమంచం అడ్డంగా వేయించుకుంది. తలవైపు మా ఇంట్లో, కాళ్ళవైపు చిన్నాయన ఇంట్లో. అమ్మ మీద అలిగితే దిండు తీసి అటువైపు పెట్టుకునేది. చిన్నమ్మ కూరలో కారం ఎక్కువైతే మళ్ళీ ఇటువైపు. పొద్దున లేవగానే నేనూ చెల్లెలూ గోడకు ఇటొకరు అటొకరు నిలబడి, "ఈ పొద్దు జేజి తల యాపక్క?" అని చూసుకునేవాళ్ళం. తల ఎటుంటే అటు సంకటి. మంచం కింద నుంచి మేము దూరి అటూ ఇటూ తిరిగేవాళ్ళం. మంచం పైనుంచి గిన్నెలు తిరిగేవి. ఇటు నుంచి ఊరుబిండి పోతే అటు నుంచి గోంగూర పుల్లగూర వచ్చేది. ఖాళీ గిన్నె తిప్పి పంపడం అమ్మకూ చిన్నమ్మకూ నామోషీ.

మాటలు లేనిది అన్నదమ్ములిద్దరికే. చిన్నాయన గోడకు అటువైపు నిలబడి, ఇటువైపుకు వినబడేటట్లు చెల్లెలితో అనేవాడు, "మే, మీ పెదనాయనకు చెప్పు. పార కావల్లంట అని." నాయన ఇటువైపు నాతో అనేవాడు, "చెప్పు మే, కొట్టంలో ఉండాది, తీసుకోమని." మేము చెప్పేలోపే పార వెళ్ళిపోయేది. అది చూస్తే మాకు నవ్వొచ్చేది. కానీ సాయంత్రాలు నాయన పటం ముందు ఒంటరిగా కూర్చుని ఉంటే నవ్వు వచ్చేది కాదు.

ఆ ఏడాది ఆరుద్రకార్తె దాకా చూసి, వాన రాకపోతే పెండ్లాం పిల్లలతో బెంగళూరు వెళ్ళి కట్టడాల పనిలో చేరతానని చిన్నాయన అందరికీ చెప్పాడు. ఊళ్ళో చాలామంది అప్పటికే వెళ్ళారు. చెల్లెలు తన పుస్తకాలు, గాజులు, గవ్వలు ఒక పాత తువ్వాలులో మూటకట్టి జేజి మంచం కింద పెట్టుకుంది. "బెంగళూరులో నాతో ఎవురు ఆడుకుంటారు?" అని అడిగింది. ఆ మూటను నేను రోజూ విప్పేసేదాన్ని, అది రోజూ కట్టుకునేది.

ఆరుద్ర మొదలై ఎండ ఇంకా మండుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం కడుపు నిండా సంకటి తిని అందరం పడుకుని ఉంటే, గొర్రెల కాపరి ఒకడు వీధిలో అరుచుకుంటూ పరుగెత్తాడు. బయటికి వస్తే పడమర దిక్కంతా నల్లగా ఉంది. గాలి లేచింది. ముందు మట్టివాసన, తర్వాత వడియాల తలుపు మీద టపటపమని పెద్ద పెద్ద చుక్కలు. మేము వాకిట్లోకి దూకి నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం. అమ్మ కూడా తిట్టలేదు.

అంతలో లోపలి నుంచి జేజి కేక.

"ఓ పెద్దోడా! ఓ చిన్నోడా! మిద్దె కారతాండాది!"

ప్రతి ఎండాకాలం మిద్దెమీద కొత్త చౌడుమట్టి వేసి తొక్కాలి. ఆ ఏడాది ఎవరి సగం మీద వాళ్ళు కొద్దిగా వేసుకున్నారు. నడుమ భాగం, కింద గోడ ఉన్నచోటు, నీదంటే నీదని ఎవరూ ముట్టుకోలేదు. అది నెర్రెలు విచ్చింది. ఆ నెర్రెల నుంచి ఎర్రటి నీళ్ళు వెనక గోడమీదుగా పాములాగా దిగుతున్నాయి. నేరుగా పటం వైపు. పటం కింద రెండు ఇళ్ళ విత్తనాల సంచులూ ఉన్నాయి, ఆ సందే ఇంట్లో చల్లటి చోటని.

నాయన చౌడుమట్టి గంపకెత్తుకుని వాకిట్లోకి పరుగెత్తాడు. పరుగెత్తి ఆగిపోయాడు. నిచ్చెన చిన్నాయనది. వానలో తడుస్తూ, గంప నెత్తిమీద పెట్టుకుని, గోడకు ఆనించి ఉన్న ఆ నిచ్చెన వైపు చూస్తూ నిలబడ్డాడు. అటువైపు నుంచి చిన్నాయన వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

చిన్నాయన నిచ్చెన తెచ్చి మిద్దెకు వేసి రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"ఎక్కన్నా. నేను పట్టుకుంటా."

నాయన ఎక్కాడు. వెనకే చిన్నాయన ఎక్కాడు. "గంపలు అందించండి, బిరబిరా!" అని కేక. అమ్మ గంపలు నింపి అందిస్తుంటే, చిన్నమ్మ విత్తనాల సంచులు ఒక్కొక్కటే పొడిచోటికి ఈడుస్తోంది. నేనూ చెల్లెలూ జేజి మంచం మీద నిలబడి, యూరియా సంచి చింపి పటానికి పైన గొడుగులాగా పట్టుకున్నాం. ఎర్రటి నీళ్ళు సంచి మీద పడి మా మోచేతుల మీదుగా కారుతున్నాయి. జేజి మా ఇద్దరి కాళ్ళ మధ్యనే మంచం మీద కూర్చుని పైకి చూసి అరుస్తోంది, "ఈడ కాదు, ఇంగ ఇట్ల! నా నెత్తిన పడతాండాది చూడు!" మిద్దెమీద నుంచి కాళ్ళతో తొక్కుతున్న చప్పుడు, దానితోపాటు మాటలు.

"అన్నా, ఈడ పొయ్యి. ఈడ పెద్ద నెర్రె."

"నువ్వు జారతావురా, దూలం మీద నిలబడు."

"నాకు తెలుసులే, నువ్వు పొయ్యి."

"ఏమి తెలుసు నీకు? చిన్నప్పుడు ఇదే చోట జారి పడినావు."

చెల్లెలు నావైపు చూసి నవ్వింది. దాని బుగ్గల మీద మట్టినీళ్ళు. ఆ మాటలు ఆగకూడదని, వాన కూడా ఆగకూడదని నేను అనుకున్నాను. చేతులు లాగేస్తున్నా సంచి దించలేదు.

ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. పటానికి పైన కొంచెం చెక్క చట్రం మాత్రం తడిసింది. అన్నదమ్ములు దిగివచ్చేసరికి తల నుంచి కాళ్ళ దాకా బురద. ఎవరు ఎవరో గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. చిన్నమ్మ బొరుగులు నానబెట్టి ఉగ్గాని తాలింపు వేసింది. అమ్మ మిరపకాయ బజ్జీలు వేసింది. తడి ఇంట్లో కాగుతున్న నూనె వాసన, పచ్చిమట్టి వాసన. జేజి మంచం నిలబెట్టి, ఆ సందులోనే చాప వేసి అందరికీ వడ్డించారు. నాయనా చిన్నాయనా పక్కపక్కన కూర్చున్నారు. గొడవ గురించి గానీ గోడ గురించి గానీ ఒక్క మాట లేదు.

"పదును ఎంత దిగింటాది?" అన్నాడు నాయన.

"జానెడు దిగింటాదన్నా. రేపటికి గొర్రు కట్టొచ్చు."

"గొర్రు ఉండాది నా కాడ. రెండో ఎద్దు నీ కాడ."

"తెల్లారేసరికి తోలుకొస్తాలే. ముందు ఆ బజ్జీలు ఇట్ల జరుపు."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఒకే గొర్రుతో ముందు మా చేను, తర్వాత వాళ్ళ చేను విత్తారు. అమ్మా చిన్నమ్మా గింజలు జారవిడుస్తూ వెనక నడిచారు. మేము కాకులను తోలాం. బెంగళూరు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. చెల్లెలు మూటను ఆ రోజు తనే విప్పి, తడిసిన పుస్తకాలను ఎండలో పరిచింది.

ఆ ఏడాది పంట గొప్పగా ఏమీ పండలేదు. తినడానికీ మళ్ళీ విత్తనానికీ వచ్చింది, పశువులకు మేత వచ్చింది. మా ప్రాంతంలో దాన్ని మంచి ఏడాది అంటారు. చిన్నాయన గొర్రెలు కొన్నాడు. దొడ్డికి ఇటుకలు కావాల్సి వచ్చి, ఒక రోజు గోడ దగ్గర నిలబడి, "అన్నా, పైన ఒక వరస తీసుకుందునా?" అని అడిగాడు. ఈసారి చెల్లెలితో చెప్పించలేదు. "తీసుకో" అన్నాడు నాయన. ఇంకొన్నాళ్ళకు నాయన పొయ్యి కట్టించడానికి ఒక వరస తీశాడు. తర్వాత కోళ్ళగూడుకు కొన్ని. నీళ్ళ తొట్టి కింద కొన్ని. గోడ మీదుగా అమ్మా చిన్నమ్మా ముఖాలు చూసుకుని మాట్లాడుకునే ఎత్తుకు వచ్చింది. ఆ పైన మేము దూకే ఎత్తుకు వచ్చింది. జేజి మంచం తీసి మామూలుగా నిలువుగా వేసుకుంది.

మళ్ళీ కలిశామని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పెద్దమనుషులను పిలవలేదు. ఇప్పుడా ఇల్లు లేదు, పటం చెల్లెలి ఇంటికి చేరింది. మట్టిమిద్దె కట్టేవాళ్ళు లేరు, చౌడు తొక్కేవాళ్ళు లేరు, కాయలు యంత్రాలే వొలుస్తున్నాయి. జేజి, నాయన కూడా లేరు. వాళ్ళను తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఒక మామూలు ఉదయం. నిద్ర లేచి పడసాలలోకి వస్తే ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకటే వెలుతురు. గోడ లేదు. అమ్మా చిన్నమ్మా చెరో వైపు నుంచి పేడతో అలుక్కుంటూ వస్తున్నారు. గోడ ఉన్నచోట నేల కొంచెం ఎత్తుగా, నిడివిగా మిగిలిపోయింది. ఎంత అలికినా అది పోలేదు, కాలికి తగులుతూనే ఉండేది. నేనూ చెల్లెలూ ఆ గీతకు అటూ ఇటూ బొగ్గుతో గళ్ళు గీసి, నేల ఆరీ ఆరకముందే తొక్కుడుబిళ్ళ మొదలుపెట్టాం.